ఎడంచేతి రాత చదవగలిగేది నేనొక్కదాన్నే

నా కోడలు మంచి పిల్ల. నా ఏడుపంతా అదే. చెడ్డదై ఉంటే పక్కింటావిడతో నాలుగు మాటలు చెప్పుకుని, మనసు తేలిక చేసుకుని, ఇంటికొచ్చి హాయిగా పడుకునేదాన్ని. ఈ పిల్ల ఎదురు చెప్పదు, తలుపులు విసరదు, నేను విసుక్కుంటే నవ్వుతుంది. అలాంటిదాన్ని తిట్టుకోవాలంటే కారణం మనమే వెతుక్కోవాలి. వెతుక్కునే శ్రమ లేకుండా ఒకరోజు తనే ఒక కారణం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అత్తయ్యా, మామయ్యగారి రాత చదివే మెషిన్ ఒకటి చేస్తాను," అంది.

నేను గిన్నె తుడుస్తున్నాను. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాను. "నేనున్నానుగా," అన్నాను.

"మీరున్నారు. కానీ మీరు బజారుకెళ్ళినప్పుడు, స్నానానికెళ్ళినప్పుడు ఆయన ఏదైనా అడిగితే మాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు. పాపం, పుస్తకం పట్టుకుని మీకోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు."

చూడనీ! ముప్పై ఏళ్ళు నేను చూడలేదా?

నా కోపం అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా ఆయన కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టే పని చేసేవారు. నీళ్ళ పంపులు, పిండిమరలు, ఫ్యాన్లు, ఏది కాలినా ఆయన దగ్గరికే వచ్చేది. ఆ షాపులో ఆయనకో భాగస్వామి. ఇద్దరూ ఒకే బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని ముప్పై ఏళ్ళు తీగ చుట్టారు. ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది కానీ మా ఇంట్లో అది ఎవరూ వాడలేదు. మా ఆయనకు అతను "పొడుగు". పొడుగు ఇలా అన్నాడు, పొడుగుకి జలుబు చేసింది, పొడుగు లేకపోతే ఈ మోటారు లేచేది కాదు. నిజంగానే మా గుమ్మంలోంచి రావాలంటే తల వంచాలి, అంత ఎత్తు.

కొందరికి సవతి ఉంటుంది. నాకూ ఉంది. ఆరడుగుల మూడంగుళాలు, చేతులకు గ్రీజు.

నవ్వకండి. మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుని షాపుకు వెళ్తే, వీధి మలుపులోనే మా ఆయన గొంతు వినిపించేది. పకపకా నవ్వు, కబుర్లు, ఎవరినో వెక్కిరించడం. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఇద్దరూ టక్కున ఆగిపోయేవారు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పెట్టు. చాలు. లైటు తీసెయ్. ఇంత మాటకారి మనిషిని కట్టుకుని నేను మూగ కాపురం చేశాను. మాటలన్నీ ఆ బల్ల దగ్గరే అయిపోయేవి.

పోయిన ఏడాది ఒక ఉదయం టీ తాగుతూ తాగుతూ కప్పు వదిలేశారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పడిపోయాయి. చెవులు బాగానే ఉన్నాయి, బుర్ర బాగానే ఉంది. కసరత్తు చేయించే అమ్మాయి ఒక రూళ్ళ పుస్తకం, ఒక పెన్ను ఇచ్చి ఎడం చేత్తో రాయమంది. రాశారు. కోడి కెలికినట్టుంది. మా అబ్బాయి చూసి తల గోక్కున్నాడు. డాక్టరు పుస్తకాన్ని తలకిందులుగా కూడా పట్టుకుని చూశాడు. నేను మాత్రం రెండు రోజులు ఆ కాగితం ముందు మొండిగా కూర్చున్నాను. మూడో రోజు గీతలు విడిపోయి అక్షరాలయ్యాయి.

"నీ కళ్ళు వాచాయి. ఏడవకు."

ముప్పై ఏళ్ళలో ఆయన నా మొహం చూసి అన్న మొదటి మాట అది. అదీ నోరు పోయాక! ఏడవకు అంటే ఇంకా ఏడ్చాను. ఆ ఏడుపులో సంతోషం కూడా ఉందని ఒప్పుకుంటాను, సిగ్గుపడను.

ఆ రోజు నుంచి ఇంట్లో నాది పెత్తనం. "అమ్మా, నాన్న ఏమంటున్నారు?" "అత్తయ్యా, మామయ్యగారికి ఏం కావాలి?" డాక్టరు సైతం నా మొహం వైపు చూసేవాడు. ఆయన రాసిన ప్రతి మాటా ముందు నా దగ్గరికి రావాలి, ఆ తర్వాతే లోకానికి. కిటికీ తెరువు, మెడ నొప్పి, పక్కింటి కుక్క ఎందుకంత అరుస్తోంది, ఇవే మాటలు. నాకు అవే చాలు.

కానీ ప్రతి పేజీలోనూ ఒక మాట తగిలేది. పొడుగు వచ్చాడా? పొడుగుకి చెప్పావా? పొడుగు ఒక్కడే ఎలా చేస్తున్నాడు? నోరు పోయినా, చెయ్యి పోయినా, ఆ పొడుగు మాత్రం పోలేదు!

అతను రాలేదా అంటే, వచ్చాడు. మొదట్లో ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మొదటి ఆదివారం, ఆయన పడుకున్నారని చెప్పాను. అది నిజమే. రెండో ఆదివారం, మూడో ఆదివారం ఎవరినీ చూడనంటున్నారని చెప్పాను. నాలుగో ఆదివారం ఇంకో అడుగు వేశాను.

"ముఖ్యంగా మిమ్మల్ని రానివ్వద్దని రాశారు. ఈ స్థితిలో మీరు చూస్తే ఆయన తట్టుకోలేరట."

అతను జేబులోంచి గుడ్డ తీసి శుభ్రంగా ఉన్న చేతులనే తుడుచుకున్నాడు. "అలాగే వదినా," అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

లోపలికొచ్చి మా ఆయనతో, "రాలేదండీ. షాపులో పని ఎక్కువట," అన్నాను. మా అబ్బాయితో, "నాన్న దగ్గర పొడుగు బాబాయి మాట ఎత్తకు. ఇద్దరికీ షాపులో ఏదో మాటా మాటా వచ్చింది. ఎత్తితే బీపీ పెరుగుతోంది," అన్నాను. ముగ్గురికి మూడు అబద్ధాలు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగాను. పదకొండు నెలలు.

మధ్యలో ఒకసారి దొరికిపోయేదాన్నే. మా అబ్బాయి పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "అమ్మా, నాన్న ఇది మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు, ఏంటిది?" చూస్తే, "పొడుగుని పిలువు." నోటికేదొస్తే అది అన్నాను. "నిద్ర పట్టట్లేదట." వాడు తండ్రి మీద ప్రేమ కొద్దీ ఒక కొత్త దిండు కొనుక్కొచ్చాడు. పై వారం ఆయన మళ్ళీ అదే చూపించారు, వీడు మళ్ళీ దిండు తెచ్చాడు. అలా నాలుగయ్యాయి. స్నేహితుణ్ణి అడిగితే దిండు వస్తోంది. ఆ దిండ్ల వైపు మా ఆయన చూసిన చూపు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

ఇదీ సంగతి. కోడలు మెషిన్ అనగానే నా గుండె ఎందుకు జారిందో ఇప్పుడు తెలిసిందిగా. అది వస్తే రెండు పోతాయి. ఒకటి నా పెత్తనం. రెండోది నా గుట్టు.

కోడలి ఉద్యోగమే అది. జనం చేత్తో నింపిన దరఖాస్తులను కంప్యూటరు చేత చదివించే ఆఫీసు. "న్యూరల్ నెట్‌వర్క్ అంటారత్తయ్యా. మన మెదడులాంటిదే అనుకోండి," అని వివరించింది. బాగుంది. ఇంట్లో ఒక మెదడు దెబ్బతిని మంచంలో ఉంటే, ఇంకో మెదడును ఫోన్లో పెట్టుకుని తెచ్చింది.

"దానికి అక్షరాలొచ్చా?" అన్నాను.

"ఏమీ రావు. పసిపిల్లలాంటిది. ఈ బొమ్మ చూపించి ఇది నీళ్ళు అంటే నీళ్ళనుకుంటుంది. అలా వేల బొమ్మలు చూపిస్తే, తర్వాత కొత్తది చూపించినా తనే చెప్పేస్తుంది. కాకపోతే మొదట ఎవరో ఒకరు నేర్పాలి. మామయ్యగారి రాత వచ్చింది మీకొక్కరికే కదా. మీరే నేర్పాలి."

చూశారా తెలివి! నా కుర్చీ లాగేయడానికి నన్నే వచ్చి పట్టుకోమంటోంది.

కాదనడానికి కారణం దొరకలేదు. మా ఆయన దగ్గర నిండిపోయిన పుస్తకాలు ఎనిమిదున్నాయి. నేను సర్దుతానంటే దిండు కింద దాచుకునే మనిషి, కోడలు అడగ్గానే ఎనిమిదీ తీసి నవ్వుతూ ఇచ్చేశారు.  ఆ పిల్ల పేజీలన్నీ ఫోటోలు తీసి, మాట మాటకీ ముక్కలుగా కత్తిరించి, పేకముక్కల్లా కలిపేసింది. ఫోన్ నా చేతిలో పెట్టింది. తెర మీద ఒక్కో మాట బొమ్మ వస్తుంది, నేను అదేంటో నోటితో చెప్పాలి, ఫోన్ రాసుకుంటుంది.

"కలపడమెందుకు? వరసగా వస్తే సుఖంగా చదువుతానుగా?"

"వరసగా వస్తే చూసి కాదు, ఊహించి చెప్పేస్తారత్తయ్యా. ముందు మాట తెలిస్తే తర్వాతి మాట నోటికి అదే వచ్చేస్తుంది. విడివిడిగా చూసి చెప్తేనే దానికి మంచిది."

దానికి మంచిదో కాదో కానీ నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ముందు మాట లేదు, వెనక మాట లేదు. ఏ మాట ఏ వాక్యంలోదో ఎవరికీ తెలియదు.

నీళ్ళు, అన్నాను. కిటికీ, అన్నాను. కుక్క. మందు. చాలు. పదో బొమ్మో పదకొండో బొమ్మో అది వచ్చింది. వంకర టింకరగా, మొదటి అక్షరం మీద పెన్ను గట్టిగా నొక్కి. కోడలు నా పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"నిద్ర," అన్నాను.

ఫోన్ బుద్ధిగా రాసుకుంది. ఎదురు ప్రశ్న లేదు, అనుమానం లేదు. నా జీవితంలో నా మాట అంత నమ్మినవాళ్ళు ఇంకొకరు లేరు.

తర్వాత "పొడుగుకి" వచ్చింది. "నిద్రకి," అన్నాను. "పొడుగుని" వచ్చింది. "నిద్రని," అన్నాను. అబద్ధానికైనా ఒక పద్ధతి ఉండాలి. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి చెప్తే అనుమానం వస్తుందని, ఒక్కటి కూడా తప్పిపోకుండా మూడు వారాలు నిష్ఠగా చెప్పాను. మధ్యలో ఒకసారి కోడలు తెర వైపు చూసి నిట్టూర్చింది. "పాపం మామయ్యగారు, ఎప్పుడూ నిద్ర గురించే బెంగ."

"అవునమ్మా," అన్నాను. "ఏం చేస్తాం."

ఆ మూడు వారాలూ నాకు నరకమే. మెషిన్‌కి ఇంకా రాత కావాలని కోడలు లావు పెన్నులు తెచ్చిచ్చింది. ఆయన రోజుకు నాలుగు పేజీలు రాసిచ్చారు. నాలుగు! నాకు రాసేది రెండు లైన్లు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆ పిల్ల చెప్పులు కూడా విప్పకుండా మంచం పక్కన కూర్చునేది. ఆయన ఎడం చేత్తో దాని తలమీద తట్టేవారు. నేను గుమ్మంలో పాలగ్లాసు పట్టుకుని నిలబడి చూసేదాన్ని. పాలు చల్లారిపోయేవి.

ఒక ఆదివారం పొద్దున మెషిన్ సిద్ధమైందంది. మా ఆయన్ని నాలుగు దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. మా అబ్బాయి కుర్చీ లాక్కున్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. కోడలు ఫోన్ పుస్తకం మీదికి వంచి పట్టుకుంది. ఆయన రాశారు.

"కిటికీ తెరవండి," అంది ఫోన్. ఆడగొంతు. అందులోనూ తీయటి గొంతు. మా ఆయన మాట ఇంకో ఆడదాని గొంతులోంచి వస్తుంటే నాకెలా ఉంటుందో ఒక్కరూ ఆలోచించలేదు.

మా అబ్బాయి గంతేసి కిటికీ తెరిచాడు. ఆయన మొహం చూడాలి! పదేళ్ళు తగ్గిపోయాయి. వెంటనే ఇంకోటి రాశారు.

"టీలో పంచదార వెయ్యడం లేదు, రంగునీళ్ళు," అంది ఫోన్.

అందరూ పడీ పడీ నవ్వారు. ఆ మాట నాకు ఆరుసార్లు రాశారు, నేను ఎవరికీ చెప్పలేదు. డాక్టరు వద్దన్న పంచదార కదా, చెప్పేదేముంది? ఆయన ఊపు మీద ఉన్నారు. గబగబా రాశారు.

"నిద్ర రాలేదు," అంది ఫోన్.

మా అబ్బాయి జాలిగా తలూపాడు.  గట్టెక్కాను అనుకున్నాను. ఆయన ఇంకా రాస్తూనే ఉన్నారు.

"నిద్ర ఎలా ఉన్నాడు?" అంది ఫోన్. "నిద్రకి నా మీద కోపమా? నిద్ర ఒక్కడే షాపు తెరుస్తున్నాడా?"

మా అబ్బాయి నవ్వబోయి ఆగాడు. "నిద్రేంటి, షాపు తెరవడమేంటి?"

కోడలు కనుబొమలు ముడిచింది. విడివిడిగా చెప్పినప్పుడు ముద్దుగా ఒదిగిపోయిన నా అబద్ధం, వరసలో నిలబెట్టేసరికి మీసాలు పెట్టుకుని నడిచొచ్చింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాను.

మా ఆయన పెన్ను ఆపారు. ఫోన్ వైపు చూశారు. కోడలి వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. మూడు వారాలు ఆ ఫోన్‌కి పాఠాలు చెప్పింది ఎవరో ఆయనకు తెలుసు, మంచం మీద నుంచి రోజూ చూశారు. పుస్తకం తిప్పి కొత్త పేజీలో, అరచెయ్యంత అక్షరాలతో, ఒకే ఒక్క మాట రాశారు.

"నిద్ర," అంది ఫోన్.

మళ్ళీ రాశారు.

"నిద్ర."

పెన్ను నేలకేసి కొట్టారు. ఎడం చెయ్యి పైకెత్తారు. తలకు పైన, ఇంకా పైన, చెయ్యి వణికేదాకా ఎత్తి, ఇంత ఎత్తు అన్నట్టు గాలిలో అరచెయ్యి ఆడించారు.

"పొడుగు..." అన్నాడు మా అబ్బాయి మెల్లగా. "పొడుగు బాబాయా నాన్నా?"

ఆయన అవునన్నట్టు తల ఆడించారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"మీకు ఆయన మీద కోపం కదా? ఆయన మాట ఎత్తితే బీపీ..."

కాదు, కాదు, కాదు అని తల అడ్డంగా తిప్పుతుంటే మెడ పట్టేస్తుందేమోనని భయమేసింది. మా అబ్బాయి నా వైపు తిరిగాడు. "అమ్మా?"

కోడలు చప్పున అందుకుంది. "తప్పు నాదేనండీ. మాటలు తక్కువిచ్చాను. మెషిన్ ఆ మాటనీ ఈ మాటనీ కలిపేసుకున్నట్టుంది." అలా అంటూ నేల చూపులు చూసింది. దానికి తెలిసిపోయింది. అరనిమిషంలో తెలిసిపోయింది. తెలిసి, నన్ను వెనకేసుకొస్తోంది!

నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడి మాటలు తీసుకుంది, పుస్తకాలు తీసుకుంది, ఇప్పుడు నా పరువు కూడా దీని చేతి దానమేనా?

"మెషిన్ తప్పేం లేదు," అన్నాను. "నేనేం చెప్పానో అదే నేర్చుకుంది. పొడుగు అని కనబడ్డ ప్రతిచోటా నిద్ర అని నేనే చెప్పాను. గేటు దగ్గరికి నాలుగు వారాలు వచ్చాడు. నేనే పంపేశాను."

"ఎందుకమ్మా?"

"ఎందుకేంటి? ముప్పై ఏళ్ళు ఈయన మాటలన్నీ అక్కడే అయిపోయాయి. మిగిలినవైనా నాకుండనీ అనుకున్నాను. తప్పా?"

తప్పే. ఎవరూ అనలేదు. మా అబ్బాయి లేచి ఫోన్ చెయ్యడానికి వరండాలోకి వెళ్ళాడు. నేను మా ఆయన వైపు చూడలేకపోయాను.

అరగంట కూడా పట్టలేదు. చొక్కా బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకుని అతను వచ్చేశాడు. వచ్చి, గేటు అవతలే ఆగాడు. గేటు తీసే ఉంది.

"రావచ్చా వదినా?"

 పక్కకు జరిగాను. తల వంచి లోపలికి వెళ్ళాడు. అతన్ని చూడగానే మా ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు, ఏడుపు కాదు. కసరత్తు చేయించే అమ్మాయి నెలల తరబడి తంటాలు పడినా ఆ గొంతులోంచి అంత శబ్దం రాలేదు. అతను మంచం మీదే కూర్చుని ఆయన పడిపోయిన చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. 

తర్వాత మా ఆయన పుస్తకం లాక్కుని గబగబా రాసి చూపించారు. కోడలు ఫోన్ ముందుకు చాపింది. "ఇదెందుకమ్మా?" అని అతను ఫోన్‌ని మెల్లగా పక్కకు జరిపి, పేపరు చదివినట్టు చదివేశాడు.

"'ఒరేయ్ పొడుగూ, ఆ పిండిమర మోటారు ఇచ్చేశావా, లేదా?' ఇచ్చేశాన్రా. ఇచ్చి ఎనిమిది నెలలైంది. రెండుసార్లు తీగ తెంపి, నిన్ను తిట్టుకుని, మూడోసారి చుట్టాను."

మా అబ్బాయి నోరు తెరిచాడు. "బాబాయ్, ఈ రాత నీకెలా వచ్చు?"

"ఈ రాత రాకపోవడమేంట్రా? బల్ల దగ్గర కుడిచేత్తో తీగ పట్టుకునేవాడు, వదిలితే చుట్టంతా జారిపోతుంది. లెక్కలన్నీ ఎడంచేత్తోనే రాసేవాడు. షాపు పుస్తకాలన్నీ ఇదే రాత. కుడిచేత్తో రాస్తాడని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు."

నేను తలుపు పట్టుకున్నాను. మా ఆయన ఎడం చేత్తో రాస్తారని ముప్పై ఏళ్ళ కాపురంలో నాకు తెలియదు. రెండు రోజులు నిద్రాహారాలు మాని ఈ కోడిగీతలు విడదీసి, లోకంలో నాకొక్కదానికే వచ్చని విర్రవీగాను. నాకన్నా ముప్పై ఏళ్ళ ముందు నుంచే ఒకడు చదువుతున్నాడు!

మా ఆయన ఇంకో లైను రాసి అతని చేతికిచ్చారు. అతను చదివాడు. పైకి చదవలేదు. మొహం ఎర్రబడింది. పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది మీకు వదినా. మీరే చదవండి."

చదివాను. ఐదు సెకన్లు పట్టింది.

"ఏం రాశారమ్మా?" అన్నాడు మా అబ్బాయి.

టీ పెట్టమన్నారని చెప్పి గౌరవంగా వంటింట్లోకి వెళ్ళిపోవచ్చు. ఆ పొడుగు మనిషి కాదనడు, నాకు తెలుసు. కోడలు అసలే అనదు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. మా ఆయన నన్నే చూస్తున్నారు. కోపంగా కాదు. ఏం చెప్తానో విందామన్నట్టు చూస్తున్నారు.

"'నువ్వు కాసేపు బయటికి వెళ్ళు,'" అని చదివాను. ఉన్నది ఉన్నట్టు, అందరికీ వినపడేలా. పుస్తకం మంచం మీద పెట్టి వెళ్ళాను.

బయట మెట్ల మీద కూర్చున్నాను. బుద్ధొచ్చిందా అంటే, అబద్ధం చెప్పను, రాలేదు. లోపల అతను ఏదో అంటున్నాడు, మా ఆయన గొంతులోంచి ఆ శబ్దం మళ్ళీ వస్తోంది, నవ్వుతున్నారని నాకిప్పుడు అర్థమైంది. పదకొండు నెలలు ఒంటికి నూనె రాసి, పక్క మార్చి, ముద్దలు కలిపి పెట్టినదాన్ని నేను. ఆ నవ్వు అతనికి. 

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు, అంతవరకు నయం. ఫోన్ తీసి చూపించింది.

"ఆ మాట నూట ముప్పై ఏడుచోట్ల ఉందత్తయ్యా. అన్నీ మళ్ళీ చెప్తే గానీ మెషిన్ మారదు. మీకిప్పుడు కష్టంగా ఉంటే ఆ బాబాయిగారిని చెప్పమంటాను. ఆయనకు చదవడం వచ్చుగా."

"ఆ పని కూడా అతనికేనా?" అన్నాను. "ఇటివ్వు."

మొదటి బొమ్మ వచ్చింది. లోపలికి వినపడకూడదని ఫోన్‌కి దగ్గరగా వంగాను.

"పొడుగు," అన్నాను.

"దానికి వినపడలేదు అత్తయ్యా. కొంచెం గట్టిగా."

"పొడుగు!"

లోపల మాటలు ఆగిపోయాయి. మంచం కిర్రుమంది. అతను గుమ్మం దాకా వచ్చి తల వంచి బయటికి చూశాడు.

"పిలిచారా వదినా?"

"ఆఁ," అన్నాను. "పిలిచాను." ఇంకా నూట ముప్పై ఆరున్నాయి.